హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్పిట్‌ఫైర్లు ఏమయ్యాయి? తుక్కులో యుద్ధ విమానాల జాడ ఎలా తీస్తారు?

క్లుప్తంగా

రెండో ప్రపంచ యుద్ధంలో కూలిపోయినవి పోగా మిగిలిన ఫైటర్లను కూడా చాలావరకు యుద్ధం అయ్యాక కిలోల లెక్కన అమ్మి కరిగించేశారు. ఈరోజు మిగిలినవి ఎక్కువగా కాంటా దాకా వెళ్ళనివే, అంటే కాలేజీల్లో, ఎయిర్‌ఫీల్డ్ మూలల్లో, మ్యూజియం గోడౌన్లలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నవి. తుక్కులో దొరికిన ముక్క ఏ విమానానిదో చెప్పేది దాని మీది నంబర్లు, ముద్రలు, పాత కాగితాలే గానీ దాని ఆకారం కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ ఫైటర్ కన్నా ట్రైనర్లు, డకోటా రవాణా విమానాలు, తర్వాతి కాలం జెట్ల ముక్కలు దొరికే అవకాశమే చాలా ఎక్కువ.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పాక చాలామందికి వచ్చిన డౌట్ ఒకటే, ఇన్ని విమానాలు ఇప్పుడు ఎటు పోతాయి అని. దాని వెనకే ఇంకో డౌట్ కూడా వస్తుంది, మరి అంతకుముందు తరం, అంటే స్పిట్‌ఫైర్లు, హరికేన్లు, టెంపెస్ట్‌లు, అవన్నీ ఎటు పోయాయి? స్క్రాప్ గోడౌన్‌లో ఒక రెక్క ముక్కో తోక ముక్కో కనబడగానే ఫొటో తీసి "ఇది రెండో ప్రపంచ యుద్ధం ఫైటర్" అని వాట్సాప్‌లో పెట్టేయడం చాలా ఈజీ, కానీ అది నిజమో కాదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి తెలియకపోతే అసలైన ముక్క బట్టీలోకి పోతుంది, ఏదో డ్రాప్ ట్యాంక్ మాత్రం హీరో అయి కూర్చుంటుంది.

నిజాం డబ్బు, హైదరాబాద్ పేరు

ముందు హైదరాబాద్‌కి దీంతో ఉన్న సంబంధం చూడాలి, ఎందుకంటే సగం కన్‌ఫ్యూజన్ ఇక్కడి నుంచే మొదలవుతుంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు మూడు ఉండేవి. 110 స్క్వాడ్రన్‌కి 1918లో, అంటే మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో డీహెచ్9ఏ బాంబర్లు వచ్చాయి, ఆ పేరు అప్పటి నుంచి దానికి ఉండిపోయింది. 152 స్క్వాడ్రన్ 1939 అక్టోబర్‌లో మళ్ళీ ఏర్పడి, 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండ్ దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే జర్మన్ విమానాలతో బ్రిటన్ చేసిన ఆకాశ యుద్ధంలో ఎగిరింది, దాని బ్యాడ్జ్ మీద ఏకంగా నిజాం పెట్టుకునే దస్తార్ బొమ్మే ఉంటుంది. 253 స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్ పేరుతో హరికేన్లు నడిపింది. అప్పట్లో ఒక స్పిట్‌ఫైర్‌కి 5,000 పౌండ్లు అని ఒక నామమాత్రపు రేటు పెట్టి రాజుల దగ్గర నుంచి స్కూలు పిల్లల దాకా చందాలు వసూలు చేశారు, అసలు ఖర్చు దానికన్నా బాగా ఎక్కువే అయ్యేది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే పేరు హైదరాబాద్‌ది, ఎగిరింది మాత్రం ఇంగ్లండ్‌లో, యూరప్‌లో, ఉత్తర ఆఫ్రికా వైపు, 1943 చివరి నుంచి 152 విషయంలో బర్మా సరిహద్దులో. హైదరాబాద్‌లో ఆ స్క్వాడ్రన్ల బేస్ లేదు. బేగంపేటలో యుద్ధకాలంలో ఉన్నది పైలట్లకి మొదటి పాఠాలు నేర్పే ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్, అక్కడ వాడింది టైగర్ మాత్ విమానాలు, అంటే చెక్క, గుడ్డ, సన్న ఇనప గొట్టాలతో చేసిన రెండు అంతస్తుల రెక్కల విమానం. అలాంటిది స్క్రాప్‌కి పోతే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాక తెలుగు ప్రాంతంలో రన్‌వేల అవసరం పెరిగింది, గన్నవరం, రాజమండ్రి, దొనకొండ లాంటి ఎయిర్‌ఫీల్డుల చరిత్ర ఆ కాలానిదే.

యుద్ధం తర్వాత బేగంపేటలో తిరిగినవి డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు, ఇది నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ, 1953లో జాతీయం అయ్యి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిపూట నిజాం కోసం ఆయుధాలు తెచ్చింది లాంకాస్ట్రియన్ విమానాల్లో, అవి లాంకాస్టర్ బాంబర్‌ని మార్చి చేసినవే. తర్వాత హకీంపేట ఫైటర్ ట్రైనింగ్‌కి కేంద్రం అయ్యింది, వాంపైర్ జెట్లు వచ్చాయి. హైదరాబాద్ తుక్కులో ఏం ఉండొచ్చు అనే లెక్క ఈ జాబితా నుంచి మొదలవ్వాలి, నిజాం పేరు నుంచి కాదు.

నిజాం పేరుతో ఒక విమానం మాత్రం నిజంగానే మిగిలింది, అది మిగిలిన తీరు ఈ సబ్జెక్ట్ మొత్తానికి పనికొచ్చే ఉదాహరణ. 110 స్క్వాడ్రన్‌కి నిజాం ఇచ్చిన డీహెచ్9ఏల్లో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబర్‌లో జర్మనీలో దిగిపోయి శత్రువు చేతికి చిక్కింది. జర్మన్లు దాన్ని యుద్ధంలో గెలుచుకున్న వస్తువుగా బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టుకున్నారు, అక్కడి నుంచి అది ఎలాగో పోలండ్ చేరి క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ని బదులిచ్చి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని లండన్ తెచ్చుకుంది. సొంత వాళ్ళ దగ్గరే ఉండి ఉంటే 1920ల్లోనే మిగతావాటితో పాటు తుక్కు అయ్యేది, శత్రువుకి దొరికింది కాబట్టి బతికింది.

గెలిచాక మొదలైన లెక్క

స్పిట్‌ఫైర్లు 20 వేలకు పైగా తయారయ్యాయి, హరికేన్లు 14 వేలకు పైగా. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఎగరగలిగే స్పిట్‌ఫైర్లు సుమారు 60. హాకర్ టైఫూన్ 3,300 దాకా చేస్తే పూర్తి రూపంలో మిగిలింది ఒక్కటంటే ఒక్కటి, అది కూడా పరీక్షల కోసం అమెరికా పంపబట్టి మిగిలింది. అంటే యుద్ధం గెలిపించిన యంత్రాలని గెలిచినవాళ్ళే లేకుండా చేశారు.

ఇది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు, దీని వెనక గట్టి లెక్క ఉంది. 1945 కల్లా జెట్ వచ్చేసింది, పిస్టన్ ఫైటర్‌కి భవిష్యత్తు లేదు. ఫైటర్‌లో సీటు ఒకటే, కాబట్టి డకోటాలాగా ప్రయాణికులని ఎక్కించుకుని డబ్బు సంపాదించే పని కూడా దాని వల్ల కాదు. నిలబెట్టి ఉంచితే కాపలా, షెడ్డు, ఆయిల్, టైర్లు, అన్నిటికీ ఖర్చు. మరోపక్క ఇళ్ళు కట్టడానికి, గిన్నెలు చేయడానికి అల్యూమినియం కావాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం కింగ్‌మన్ దగ్గర ఒక్కచోటే 5 వేలకు పైగా యుద్ధ విమానాలని వరసగా నిలబెట్టి, గిలటిన్ లాంటి కత్తులతో ముక్కలు చేసి, అక్కడే బట్టీలు పెట్టి దిమ్మలుగా పోశారు.

ఇండియాలో దీనికి ఇంకో పొర ఉంది, అది లెండ్-లీజ్. యుద్ధంలో అమెరికా బ్రిటన్‌కి ఇచ్చిన విమానాలు అమ్మినవి కాదు, వాడుకోమని ఇచ్చినవి. యుద్ధం అయ్యాక వాటిని ఉంచుకోవాలంటే డబ్బు కట్టాలి, లేదా తిరిగి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. సముద్రం దాటించి తిరిగి పంపే ఖర్చు ఎవరూ పెట్టుకోలేదు. అందుకే కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లని ఇక ఎగరకుండా చేసి వదిలేశారు, పరికరాలు పగలగొట్టారు, ఇంజిన్లలో ఇసుక పోశారు. తర్వాత 1948లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) వాళ్ళు అవే శిథిలాలని అక్కడికక్కడ ఎగిరేంతవరకు బాగుచేసి ఒక్కొక్కటీ బెంగళూరు తీసుకెళ్ళారు, టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని నడిపాడు, అలా 40కి పైగా లిబరేటర్లు భారత వైమానిక దళంలో చేరి 1968 దాకా పనిచేశాయి. ఈరోజు బ్రిటన్, అమెరికా, కెనడా మ్యూజియంలలో ఉన్న కొన్ని లిబరేటర్లు ఇండియా నుంచి వెళ్ళినవే, అంటే తుక్కు కింద రాసేసిన వాటిని ఇక్కడి మెకానిక్కులు బతికించకపోతే ఆ మ్యూజియంలలో అవి ఉండేవి కావు. ఈ విషయానికి రావాల్సినంత పేరు ఇప్పటికీ రాలేదు.

బెంగాల్‌లో పానాగఢ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ అమెరికన్ డిపోలో మిగిలిన విమాన తుక్కు మొత్తం 1946 నవంబర్‌లో టాటా ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్ నుంచి హనుమాన్ కాటన్ మిల్స్ అనే కంపెనీ 10 లక్షల రూపాయలకి కొనడానికి ఒప్పుకుని, రెండున్నర లక్షలు ముందు కట్టి, మిగతాది కట్టలేదు. బయానా డబ్బు జప్తు చేయొచ్చా లేదా అని ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1969లో జప్తు సరైనదే అని తీర్పు వచ్చింది. లా చదివే ప్రతి స్టూడెంట్ కాంట్రాక్టుల పేపర్‌లో ఈ కేసు చదువుతాడు, కానీ ఆ "ఏరో స్క్రాప్" అనే మాట వెనక ఉన్నది యుద్ధానికి వచ్చిన విమానాల కుప్పలు అని ఆలోచించేవాళ్ళు తక్కువ. యుద్ధ విమానాల చరిత్ర రక్షణ శాఖ ఫైళ్ళలోనే కాదు, ఇలా కోర్టు తీర్పుల్లో, వేలం నోటీసుల్లో, బ్యాలెన్స్ షీట్లలో కూడా దాక్కుని ఉంటుంది.

కాంటా మీద విమానం

విమానం ఎందుకంత తొందరగా మాయమవుతుంది అంటే దాని లోహం వల్ల. స్పిట్‌ఫైర్ ఒళ్ళంతా డ్యురాల్యూమిన్, అంటే అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కొంచెం మెగ్నీషియం, మాంగనీస్ కలిపిన మిశ్రమం. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మిశ్రమం ఇంకాస్త ముందే మెత్తబడుతుంది, అదే ఇనుముకి 1,500 దాకా వెళ్ళాలి. అంటే ఇనుముకి పెద్ద ఫ్యాక్టరీ కావాలి, అల్యూమినియంకి బొగ్గుల బట్టీ, గాలి కొట్టే బ్లోయర్, ఒక మూస ఉంటే చాలు. కాటేదాన్ లాంటి చోట చిన్న షెడ్లలో నడిచే పని ఇదే. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో చేతులు మారే పాత సామాను వస్తువుగా అమ్ముడుపోతే బతుకుతుంది, గోడౌన్‌కి పోయి రకాల వారీగా వేరు చేస్తే మాత్రం అల్యూమినియం ఒక కుప్ప, స్టీల్ ఒక కుప్ప, రాగి వైరు ఒక కుప్ప అవుతుంది, అక్కడితో దాని గుర్తింపు పోతుంది. అమ్మమ్మ వడ్డాణం కరిగిస్తే బంగారం ఎక్కడికీ పోదు, వడ్డాణం మాత్రం ఉండదు, విమానం విషయంలో కూడా అంతే.

ఏ భాగాలు బతుకుతాయి అనేది కూడా ఈ లోహాన్ని బట్టే ఉంటుంది. రెక్క మీది పలచటి రేకు ముందు పోతుంది, దాన్ని మడిచి కాంటా మీద పెట్టడం ఈజీ. అండర్‌క్యారేజ్ కాళ్ళు, ఇంజిన్ మౌంటు, పైలట్ వెనక ఉండే ఇనప కవచం పలక లాంటి స్టీలు భాగాలు ఎక్కువ కాలం ఉంటాయి, వాటికి వేరే పని దొరుకుతుంది కాబట్టి. స్పిట్‌ఫైర్, హరికేన్లలో వాడిన మెర్లిన్ ఇంజిన్ 27 లీటర్లు, 12 సిలిండర్లు, బరువు 700 కిలోలకి పైనే, అయితే దాని ఒళ్ళు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమం కాబట్టి తుక్కు వ్యాపారికి అది కూడా మంచి సరుకే. హరికేన్ కథ వేరు, దాని ఒళ్ళు స్టీల్ గొట్టాల చట్రం, మీద చెక్క, గుడ్డ, కాబట్టి వానకి ఎండకి గుడ్డ పోయినా చట్రం నిలబడుతుంది. మస్కిటో అనే విమానం అయితే చెక్కా జిగురే, ఇండియా వేడికి తేమకి 1944లోనే రెక్కల అతుకులు విడిపోయి విమానాలని నేల మీద ఆపేసి తనిఖీ చేయాల్సి వచ్చింది, ఇక 80 ఏళ్ళ తర్వాత దాని చెక్క దొరుకుతుందని ఆశ పెట్టుకోవడం అనవసరం.

మిగిలినవి ఎందుకు మిగిలాయి

మిగిలిన ప్రతి విమానం వెనక ఏదో ఒక కారణంతో కాంటా తప్పించుకున్న కథ ఉంటుంది. వారణాసిలో బెనారస్ హిందూ యూనివర్సిటీకి యుద్ధం అయ్యాక ఇంజినీరింగ్ స్టూడెంట్లకి చూపించడానికి ఒక హరికేన్ ఇచ్చారు, నంబర్ ఆర్4118. అది మామూలు హరికేన్ కాదు, 1940 బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో 605 స్క్వాడ్రన్‌తో నిజంగా పోరాడింది, తర్వాత ట్రైనింగ్ కోసం ఇండియా పంపారు. క్యాంపస్‌లో ఆరుబయట పడి ఉన్న దాన్ని 1982లో పీటర్ వాచర్ అనే బ్రిటిష్ ఆయన చూశాడు, అనుమతులన్నీ వచ్చి ఇంగ్లండ్ తీసుకెళ్ళేసరికి 2001 అయ్యింది, 2004 డిసెంబర్‌లో మళ్ళీ గాల్లోకి లేచింది. చూడటానికి, తీసుకెళ్ళడానికి మధ్య 19 ఏళ్ళు. ఆ 19 ఏళ్ళలో ఏ ఒక్క సంవత్సరం క్యాంపస్‌లో పాత సామాను వేలం వేసి ఉన్నా కథ అక్కడే ముగిసేది.

టెంపెస్ట్‌ల సంగతి కూడా ఇలాంటిదే. స్వాతంత్ర్యం తర్వాత భారత వైమానిక దళం టెంపెస్ట్ 2 రకం వాడింది, 1947-48 కాశ్మీర్ యుద్ధంలో కూడా. రిటైర్ అయ్యాక కొన్నిటిని ఎయిర్‌ఫీల్డుల్లో డికాయ్‌లుగా, అంటే శత్రువు నిజమైన విమానం అనుకుని బాంబు వృథా చేసుకోవాలని బయట నిలబెట్టారు. డికాయ్‌కి ఇంజిన్ తిరగాల్సిన పని లేదు, ఆకారం ఉంటే చాలు, కాబట్టి వాటిని కోయలేదు. 1970ల చివర్లో విదేశీ కలెక్టర్లు వచ్చి టెంపెస్ట్‌లు, స్పిట్‌ఫైర్లు కొనుక్కుని పట్టుకెళ్ళారు, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలోని టెంపెస్ట్ 2 కూడా ఇండియా నుంచి వెళ్ళిందే. ఇక్కడ ఉన్నవాటిలో ముఖ్యమైనవి ఢిల్లీ పాలం మ్యూజియంలో చూడొచ్చు, హరికేన్, స్పిట్‌ఫైర్లు, టెంపెస్ట్, లిబరేటర్, ప్రపంచంలో ఇంకెక్కడా లేని వాపిటి అనే పాత విమానం కూడా అక్కడే ఉంది. మన దగ్గర విశాఖ బీచ్‌లో టీయూ-142కి వచ్చే జనాన్ని చూస్తే పాత విమానం మీద ఆసక్తి లేదని ఎవరూ అనలేరు, కాకపోతే ఆ ఆసక్తి 1950ల్లో, 60ల్లో లేదు, అప్పుడే ఎక్కువ పోయాయి.

ముక్క చేతికొస్తే ఏం చూడాలి

ముందు ఆకారం చూసి తీర్పు చెప్పడం మానాలి. తుక్కు ఫొటోల్లో జనాన్ని ఎక్కువగా పొరబడేలా చేసేది డ్రాప్ ట్యాంక్, అంటే రెక్క కింద తగిలించే అదనపు ఇంధనం ట్యాంకు. సిగార్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఒకరు బాంబు అంటారు, ఇంకొకరు విమానం ఒళ్ళు అంటారు. అది హంటర్‌ది, మిగ్‌ది, ఇంకేదైనా జెట్‌ది అయ్యుండొచ్చు.

తర్వాత అక్షరాలు చూడాలి. రష్యన్ లిపి కనబడితే అక్కడితో చర్చ ముగిసినట్టే, అది మిగ్, ఏఎన్-32, ఎంఐ-8 తరం సామాను. హెచ్‌ఏఎల్ ముద్ర ఉంటే సాధారణంగా యుద్ధం తర్వాతిది, అయితే హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది 1940 డిసెంబర్‌లో, యుద్ధంలో బెంగళూరులో అమెరికన్ విమానాల ఓవర్‌హాల్ పని పెద్ద ఎత్తున చేసింది, కాబట్టి ఆ ముద్ర ఒక్కటి చూసి పక్కన పడేయడం కూడా కరెక్ట్ కాదు. కిరీటం బొమ్మ కింద ఏ.ఎం. అని ఉంటే అది బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ స్టోర్స్ సామాను. గడియారాల్లాంటి మీటర్ల వెనక 6ఏ తో మొదలయ్యే నంబర్ ఉంటే కాక్‌పిట్ పరికరం అని అర్థం, కానీ అదే మీటర్ ఫైటర్‌లోనూ వాడతారు, ట్రైనర్‌లోనూ వాడతారు, అందుకని మీటర్‌ని బట్టి విమానాన్ని తేల్చలేం.

అసలు సాక్ష్యం పార్ట్ నంబర్. స్పిట్‌ఫైర్ భాగాల నంబర్లు డిజైన్ టైప్ నంబర్‌తో మొదలవుతాయి, 300 అంటే మొదటి రకం, 349 అంటే మార్క్ 5, 359 అంటే మార్క్ 8, 361 అంటే మార్క్ 9, 379 అంటే మార్క్ 14. ఇండియా, బర్మా వైపు ఎక్కువ తిరిగినవి మార్క్ 8, మార్క్ 14 కాబట్టి ఇక్కడ 359, 379 కోసం చూడటం న్యాయం. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, డిజైన్ మారని భాగానికి తర్వాతి రకాల్లో కూడా పాత నంబరే ఉంచేవాళ్ళు, కాబట్టి 300 కనబడగానే 1940 నాటి స్పిట్‌ఫైర్ దొరికిందని ఎగిరి గంతెయ్యకూడదు, అది 1945 మార్క్ 14లో కూడా ఉండొచ్చు. అందుకే ఒక ముక్క మీద ఒక నంబర్ చాలదు, ముక్కలో ఉన్న నంబర్లన్నీ రాసుకుని అందులో అన్నిటికన్నా తర్వాతిది ఏదో చూడాలి. సీబీఏఎఫ్ అనే అక్షరాలు ఉంటే క్యాసిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో చేసింది అని. అమెరికన్ విమానాల్లో ముస్టాంగ్‌కి 73, పీ-40కి 87 లాంటి మోడల్ నంబర్లు ముందు వస్తాయి, అయితే ముస్టాంగ్ చేసిన కంపెనీయే హార్వర్డ్ ట్రైనర్ కూడా చేసింది, దాని భాగాల మీద 66, 88 లాంటివి అదే పద్ధతిలో ఉంటాయి. ఇండియాలో హార్వర్డ్‌లు దశాబ్దాల పాటు తిరిగాయి కాబట్టి ముస్టాంగ్ అని చెప్పుకునే ముక్క హార్వర్డ్ అయ్యే ఛాన్సే ఎక్కువ.

నంబర్లు చెరిగిపోతే బోల్టులు ఉన్నాయి. బ్రిటిష్ విమానాల్లో బీఎస్ఎఫ్, బీఏ అనే బ్రిటిష్ కొలతల థ్రెడ్లు (బోల్టు మరలు), అమెరికన్ వాటిల్లో అంగుళాల లెక్కలో వాళ్ళ సొంత థ్రెడ్లు, రష్యన్ వాటిల్లో మెట్రిక్. హైదరాబాద్‌లో పాత బుల్లెట్ బళ్ళు బాగుచేసే మెకానిక్కుల దగ్గర బ్రిటిష్ సైజు పానాలు ఇంకా దొరుకుతాయి, ఆ పానా సరిగ్గా పట్టిందంటే ముక్క ఏ దేశానిదో ఒక అంచనాకి రావచ్చు. లోపలి రంగు కూడా పనికొస్తుంది, అమెరికన్ రేకుల లోపల పసుపు-ఆకుపచ్చ జింక్ క్రోమేట్ పూత కనిపిస్తుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, నంబర్ కనబడాలని వైర్ బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో రుద్దడం. రబ్బరు ముద్రతో వేసిన ఇన్‌స్పెక్షన్ గుర్తులు రంగు పొర మీదే ఉంటాయి, రుద్దితే నంబర్‌తో పాటు సాక్ష్యం కూడా పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ, పక్క నుంచి వాలుగా టార్చ్ లైటు వేసి ఫొటో తీయడం, ఇంతే చేయాలి.

కాగితాల్లో వెతకడం

ముక్క నుంచి రకం తెలిస్తే సగం పని అయినట్టు, ఆ రకంలో ఏ ఒక్క విమానం అనేది తేలాలంటే కాగితాలు కావాలి. బ్రిటిష్ విమానాలకి ప్రతిదానికీ ఫారం 78 అనే మూవ్‌మెంట్ కార్డు ఉండేది, ఏ యూనిట్‌కి ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు లెక్కల్లోంచి కొట్టేశారు అని. స్క్వాడ్రన్ రోజువారీ రికార్డు ఫారం 540, 541, ఇవి లండన్ కివ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరసలో ఉంటాయి, 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ రోజువారీ రికార్డు కూడా ఆ వరసలోనే వెతకాలి. ఇండియా వచ్చిన విమానాలతో ఇబ్బంది ఏంటంటే కార్డులో ఓడ ఎక్కిన తేదీ, ఇండియా చేరిన తేదీ దాకా శుభ్రంగా ఉంటాయి, ఆ తర్వాత చాలాసార్లు ఒక్క లైనే, ఫలానా తేదీన స్ట్రక్ ఆఫ్ చార్జ్. ఒకే తేదీన గుంపుగా చాలా విమానాలని కొట్టేసినట్టు ఉంటే అది లెక్కల కోసం పెట్టిన తేదీ, విమానం నిజంగా కోసిన తేదీ కాదు. ఆ ఖాళీలోనే ఆర్4118 లాంటివి బతికి బయటపడ్డాయి. భారత వైమానిక దళంలో చేరినవాటికి కొత్త నంబర్లు వచ్చాయి, స్పిట్‌ఫైర్లకి హెచ్‌ఎస్, టెంపెస్ట్‌లకి హెచ్‌ఏ, లిబరేటర్లకి హెచ్‌ఈ, కాబట్టి పాత బ్రిటిష్ నంబర్‌కి, కొత్త నంబర్‌కి లింక్ దొరికితేనే గొలుసు పూర్తవుతుంది.

ఈ గొలుసుకి డబ్బు విలువ కూడా ఉంది, అందుకే జాగ్రత్త కావాలి. 1940లో ఫ్రాన్స్‌లో కలే దగ్గర ఇసుకలో కూరుకుపోయిన స్పిట్‌ఫైర్ పీ9374 1980లో బయటపడింది, బాగుచేసి ఎగరగలిగేలా చేశాక 2015లో వేలంలో 31 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. అలాంటి రీస్టోరేషన్లలో కొత్త లోహమే ఎక్కువ ఉంటుంది, ధర పలికేది మాత్రం ఆ నంబర్‌కి, ఆ చరిత్రకి. అంటే విమానం నంబర్ చెక్కి ఉండే, అరచేతిలో పట్టే ఒక డేటా ప్లేట్‌కి టన్నుల అల్యూమినియం కన్నా విలువ ఉంటుంది, అలాంటప్పుడు దొంగ ప్లేట్లు కూడా పుడతాయి. విడిగా అమ్మకానికి వచ్చిన ప్లేట్‌ని, ఏ ముక్క నుంచి ఊడిందో చెప్పలేనిదాన్ని నమ్మకపోవడమే మంచిది.

పెట్టెల్లో పాతిపెట్టిన విమానాలు

కాగితం లేకుండా మాట మీద నడిస్తే ఏమవుతుందో బర్మా స్పిట్‌ఫైర్ల కథ చూపిస్తుంది. యుద్ధం చివర్లో రంగూన్ మింగలడాన్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర పెట్టెల్లో ప్యాక్ చేసిన కొత్త స్పిట్‌ఫైర్లని పాతిపెట్టారని డేవిడ్ కండాల్ అనే బ్రిటిష్ రైతు ఏళ్ళ తరబడి సాక్షుల మాటలు పోగేశాడు, డజన్ల కొద్దీ ఉన్నాయన్నారు. 2013లో ఒక వీడియో గేమ్ కంపెనీ డబ్బు పెట్టి ఆర్కియాలజిస్టులని తీసుకెళ్ళి తవ్వించింది, ఒక్కటీ దొరకలేదు. రికార్డులు చూస్తే 1945-46లో రంగూన్ రేవుకి మూడు ఓడల్లో వచ్చిన విమానాలు మొత్తం 37, వాటిలో స్పిట్‌ఫైర్లు ఉన్నట్టు లేదు, ఎక్కువభాగం మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోయాయి. సాక్షులు అబద్ధం చెప్పారని కాదు, పెద్ద పెట్టెలు చూశారు, గోతులు చూశారు, మధ్యలో ఉన్న ఖాళీని కథ నింపింది. దొనకొండ, గన్నవరం లాంటి చోట "ఇక్కడ విమానాలు పాతేశారు" అనే మాట వినబడితే కూడా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, అక్కడికి అవి వచ్చినట్టు రికార్డు ఉందా?

చట్టం, ప్రమాదం

బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం కూలిన సైనిక విమానం ఉన్న చోటు లైసెన్స్ లేకుండా తవ్వకూడదు, పైలట్ అవశేషాలు అక్కడ ఉండొచ్చు అనేది అందులో పెద్ద కారణం. మన దగ్గర ఇలా యుద్ధ విమానాల కోసమే ఉన్న చట్టం లేదు. 1972 పురాతన వస్తువుల చట్టం కింద సాధారణంగా 100 ఏళ్ళు దాటితేనే పురాతన వస్తువు, అంటే 1940 నాటి ముక్కకి ఆ రక్షణ 2040 దాకా రాదు. భూమిలో దాగి ఉన్నది దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాలి. సైన్యం సామాను దేశం దాటించడానికి మాత్రం వేరే అనుమతులు కావాలి. వీటి మధ్యలో గోడౌన్‌లో ఉన్న ముక్క పూర్తిగా వ్యాపారి ఇష్టానికే ఉండిపోతుంది.

ప్రమాదం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. పాత కాక్‌పిట్ మీటర్ల ముళ్ళకి, అంకెలకి చీకట్లో మెరవాలని రేడియం రంగు పూసేవాళ్ళు. ఆ మెరుపు కొన్నేళ్ళకే పోతుంది, రేడియం మాత్రం సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. మెరవట్లేదు కదా అని అద్దం తీసి గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌లో వేలంలో కొన్న పాత పరికరంలో కోబాల్ట్-60 ఉండి ఒకరు చనిపోయారు, పలువురు ఆస్పత్రి పాలయ్యారు. అది విమాన సామాను కాదు, దాని తీవ్రత కూడా వేరు, కానీ తుక్కులోకి రేడియేషన్ ఎంత సులువుగా వచ్చేస్తుందో అది చూపించింది. ఫిరంగి గుండ్లు, ఎజెక్షన్ సీట్ కార్ట్రిడ్జ్‌లు కనబడితే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పాలి, అవి దగ్గర పెట్టుకోవడం నేరం కూడా.

ఇక ముందు ఏం జరగొచ్చు

ఇప్పుడు ప్రభుత్వ తుక్కులో పెద్ద భాగం ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ కంపెనీ ఆన్‌లైన్ వేలాల్లో లాట్ల వారీగా పోతుంది. లాట్ వివరాల్లో ఉండేది బరువు, రకం, చోటు, ఏ విమానం నుంచి వచ్చింది అనేది అందులో దొరకదు. డెబ్బై, ఎనభై ఏళ్ళ కిందటి ఫైటర్ మొత్తంగా హైదరాబాద్ గోడౌన్‌లో బయటపడే అవకాశం దాదాపు లేనట్టే. దొరికితే దొరకగలిగింది చిన్న సామాను, పాత ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో కోసి చూపించడానికి పెట్టిన ఇంజిన్, పాలిటెక్నిక్ స్టోర్‌లో మీటర్ల పెట్టె, వర్క్‌షాప్‌లో దాగలిగా వాడుతున్న స్టీల్ పలక, పొలంలో నీళ్ళ తొట్టిగా ఉన్న ట్యాంకు. ఆర్4118 దొరికింది కూడా కాలేజీలోనే అని మర్చిపోకూడదు. ల్యాబులు ఖాళీ చేసి కొత్త బ్లాకులు కట్టే కాలం ఇది, కాబట్టి ఇప్పుడు చూడాల్సింది బజార్ కన్నా కాలేజీ స్టోర్ రూమ్ రిజిస్టర్, అందులో 1946 నుంచి 1950 దాకా ఉన్న ఎంట్రీలు, ఎక్కడి నుంచి వచ్చింది అనే కాలమ్.

అరుణాచల్‌లోని పాసిఘాట్‌లో 2023లో హంప్ యుద్ధ మ్యూజియం తెరిచారు, హిమాలయాల మీదుగా చైనాకి సామాను మోస్తూ కూలిన అమెరికన్ రవాణా విమానాల ముక్కలు అందులో ఉన్నాయి. పూర్తి విమానం లేకపోయినా ముక్కలకి చరిత్ర రాసి పెడితే మ్యూజియం అవుతుందని అది చూపించింది. హైదరాబాద్‌లో బేగంపేట ట్రైనింగ్ స్కూల్, డెక్కన్ ఎయిర్‌వేస్, హకీంపేట వాంపైర్లు, బాలానగర్ హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్, ఇంత చరిత్ర ఉన్నా దాన్ని ఒకచోట చేర్చే జాబితా ఒక్కటి కూడా జనానికి అందుబాటులో లేకపోవడం నిజంగా బాధ పెట్టే లోటు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, కోసే ముందు ప్లేట్ ఫొటో, నంబర్, ఏ వేలం లాట్ నుంచి వచ్చింది, ఈ మూడు విషయాలు నమోదు చేసే ఏర్పాటు ఉంటే చాలు. వ్యాపారికి దానివల్ల నష్టం లేదు, లోహం ఎలాగూ ఆయనదే, పైగా నంబర్ ఉన్న ముక్కకి కిలో రేటు కన్నా ఎక్కువ ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మిగ్-21ల్లో కొన్ని గేట్ల దగ్గర, చౌరస్తాల్లో, కాలేజీల్లో నిలబడతాయి, మిగతావి లాట్లు అవుతాయి. ఏ నంబర్ విమానం ఏ యుద్ధంలో ఎగిరింది, ఏది ఎక్కడికి వెళ్ళింది అనే జాబితా ఇప్పుడే బయటపెడితే, స్పిట్‌ఫైర్ల కోసం ఈరోజు లండన్ ఆర్కైవ్స్‌లో వెతుకుతున్నట్టు 2080లో వీటి కోసం ఎవరూ వెతకాల్సిన పని ఉండదు.